తాళంచెవి ఎవరి చేతిలో: నాగసాకి డైరీ

2024 జూన్ 6, గురువారం

ఉదయం 7.30. ట్రామ్‌లో

మబ్బు పట్టి ఉంది. గాలిలో తడి. ఇదే నెలలో నైరుతి గాలి కోసం బటేవియా (ఇప్పటి జకార్తా) రేవులో డచ్చి ఓడలు కాచుకుని ఉండేవి. జూన్, జులైలలో తెరచాప ఎత్తితే ఆగస్టు నాటికి నాగసాకిలో లంగరు. అక్టోబరు, నవంబరుల్లో గాలి మళ్లాక తిరుగు ప్రయాణం. మా భీమిలికి వాన తెచ్చేదీ ఆ నైరుతే.

ఈ ఊళ్లో పరదేశులు కాపురమున్న పేటలు మూడు. డచ్చివాళ్ల దెజిమా. చైనా వర్తకుల తోజిన్ యాషికి. 1859లో రేవు తెరిచాక పడమటివాళ్లు ఇళ్లు కట్టుకున్న ఓఉరా తీరం, దాని మీది యామతే కొండలు. మూడూ కాలినడక దూరంలోనే ఉన్నాయి. ఇవాళంతా వాటికే. ఎవరి కోసమూ ఆగక్కర్లేదు, ఎవరూ నాకోసం ఆగక్కర్లేదు.

8.10. వంతెన మీద

దెజిమాకు వెళ్లే ఈ ఇనుప వంతెనను 2017 నవంబరులో తెరిచారు. దీని బరువంతా ఊరివైపు ఒడ్డే మోస్తోంది. అవతల ఉన్నది చారిత్రక స్థలం కాబట్టి అక్కడి పాత రాతికట్టు మీద భారం పడకుండా కట్టారు. ఇంజినీరు లెక్కలోకి గౌరవం ఇలా వస్తుందని ఇక్కడ చూశాను.

ఒకప్పుడు ఇక్కడ ఉన్నది ఒకే ఒక్క రాతి వంతెన. దాని మొదట్లో కాపలా, ఆజ్ఞల పలక. మారుయామా వేశ్యలు తప్ప ఆడవాళ్లు లోపలికి పోరాదు. కోయా కొండ నుంచి వచ్చిన బౌద్ధ సన్యాసులు తప్ప వేరే సన్యాసులు పోరాదు. డచ్చివాడు అనుమతి లేకుండా బయటికి రారాదు. ఇప్పుడు టికెట్టు కొని నడిచి వెళ్తున్నాను. ముందు ఒక బడి పిల్లల జట్టు, పసుపు టోపీలు.

8.40. దీవి లోపల

దీవి అంటున్నాం గానీ చుట్టూ సముద్రం లేదు. ఒకవైపు కాలువలాంటి నది, మిగతావైపులా ట్రామ్ పట్టాలు, ఆఫీసులు. 1904 నాటికి రేవు బాగుచేసే పనుల్లో చుట్టూ ఉన్న నీళ్లన్నీ పూడ్చేశారు. నదిని వెడల్పు చేసినప్పుడు ఉత్తరపు అంచు కొంత తెగిపోయింది. తోటలో 15వ వంతు కొలతతో చేసిన చిన్న నమూనా ఉంది. విసనకర్ర ఆకారం అందులో బాగా తెలుస్తుంది. చుట్టుకొలత సుమారు 560 మీటర్లు. పది నిమిషాలు కూడా పట్టదు చుట్టి రావడానికి. డచ్చివాళ్లకు ఏడాది పొడుగునా ఇంతే మేర.

1634 నుంచి 1636 దాకా కట్టారు. జపానును ఏలుతున్న షోగునేట్ ఆజ్ఞ మీద నాగసాకికి చెందిన 25 మంది వర్తకులు సొంత డబ్బు పెట్టారు. కట్టింది పోర్చుగీసులను ఒకచోట ఉంచడానికి. 1639లో పోర్చుగీసులను దేశం నుంచే వెళ్లగొట్టారు. ఖాళీ దీవి, అద్దె రాని పెట్టుబడి. 1641లో హిరాదో రేవులో ఉన్న డచ్చి ఈస్టిండియా కంపెనీని ఇక్కడికి మార్చారు. హిరాదోలో కంపెనీ కొత్తగా కట్టుకున్న గిడ్డంగి గోడ మీద క్రీస్తు శకం సంవత్సరం చెక్కారన్న కారణం చూపి దాన్ని కూలగొట్టించారు.

ఇక్కడ కంపెనీ కట్టిన అద్దె ఏడాదికి 55 కాన్ల వెండి. మన తూకంలో 200 కిలోల పైచిలుకు. స్థలం వాళ్లది కాదు, ఇళ్లు వాళ్లవి కావు. ఓడ రాగానే తుపాకిమందు అప్పగించాలి. బైబిళ్లు పెట్టెలో వేసి మూసేయాలి. కంపెనీ పెద్ద నెలల తరబడి ప్రయాణం చేసి, షోగున్ ఉండే ఎదో నగరానికి వెళ్లి అతని ముందు మోకరిల్లాలి. మొదట్లో ఏటేటా, 1790 నుంచి నాలుగేళ్లకొకసారి.

ఇదంతా చదువుతుంటే మనసు మన తీరానికే పోతోంది. 1606లో మచిలీపట్నంలో గోల్కొండ సుల్తానుల ఫర్మానాతో వర్తకం మొదలుపెట్టిందీ ఇదే కంపెనీ. పులికాట్‌లో జెల్డ్రియా కోట కట్టిందీ ఇదే. 1686లో తానీషా ఏలుబడి చివరి రోజుల్లో, బాకీల తగాదా పెట్టుకుని మచిలీపట్నం ఊరినే సైనికులతో ఆక్రమించిందీ ఇదే. ఆ ఏడాది ఇక్కడ ఇదే కంపెనీ మనుషులు వంతెన దాటడానికి చీటీ అడుగుతున్నారు. కంపెనీ ఒకటే. తలుపు తాళంచెవి ఎవరి చేతిలో ఉందన్నదే తేడా.

9.20. రాగి గిడ్డంగి

2016లో తిరిగి కట్టిన గిడ్డంగుల్లో ఇది ఒకటి. కొత్త కలప వాసన ఇంకా పోలేదు. రాగి కడ్డీలు జానెడు పొడుగు, వేలంత లావు. ఒసాకాలో కరిగించి, ఎర్రటి నిగారింపు వచ్చేలా పోతపోసి, పెట్టెల్లో సర్ది ఇక్కడికి పంపేవాళ్లు. దెజిమా నుంచి బటేవియాకు, అక్కడి నుంచి కోరమాండల్ తీరానికి, బెంగాలుకు, సూరతుకు. మన రేవుల్లో దిగిన జపాను రాగి నాణేలైంది, బిందెలైంది.

ఎదురు ప్రయాణం మన బట్టది. కోరమాండల్ అద్దకం బట్టలు, నీలి బట్టలు ఓడల్లో ఇక్కడికొచ్చాయి. జపానులో తేనీటి సంస్కారం తెలిసినవాళ్లు ఆ బట్ట చిన్న ముక్క దొరికినా దాచుకుని, టీ పొడి డబ్బాలకు సంచులుగా కుట్టించుకునేవాళ్లు. ఆ బట్టను సరస అంటారు. పక్కనున్న సాగా సీమలో నబెషిమా ప్రభువుల ఆశ్రయంలో అదే పద్ధతిలో సొంత అద్దకం కూడా పుట్టింది.

పడమటి చివర నీటి ద్వారం. రెండు వాకిళ్లు. ఒకదాని గుండా దిగుమతి సరుకు, రెండోదాని గుండా ఎగుమతి సరుకు. ఒక వాకిట్లో అద్దకం బట్ట లోపలికి, పక్క వాకిట్లో రాగి బయటికి. రెండింటి మధ్య నిలబడి కాసేపు చూశాను. పెడనలో బట్ట మీద కలం తిప్పే చేతులు గుర్తొచ్చాయి. ఆ చేతులకు ఈ వాకిలి గురించి ఎవరూ చెప్పి ఉండరు.

9.50. గొడుగు పట్టిన మనిషి

నాగసాకి పటాల్లో పదేపదే కనిపించే దృశ్యం. డచ్చి దొర ముందు నడుస్తాడు, ఎర్రటి కోటు, చేతికర్ర. వెనక నల్లటి మనిషి ఒకడు గొడుగు పట్టి నడుస్తాడు. కాళ్లకు చెప్పులుండవు. ఇంకో పటంలో అలాంటి మనుషులే వంటింట్లో, మేకల దగ్గర, ఇంకోదానిలో తప్పెట వాయిస్తూ.

బటేవియా నుంచి తెచ్చిన బానిసలు వాళ్లు. బటేవియాకు బానిసలు వచ్చిన చోట్లలో మన తూర్పు తీరం ముఖ్యమైనది. 17వ శతాబ్దంలో కరువొచ్చినప్పుడల్లా కోరమాండల్ రేవుల నుంచి వేలాదిమందిని కంపెనీ కొని ఓడలెక్కించింది. కరువులో పిల్లల్ని అమ్ముకున్న తల్లిదండ్రుల తీరం మనది.

పటంలో దొర పేరు రాశారు. ఓడ పేరు, ఏడాది రాశారు. గొడుగు పట్టినవాడి పేరు లేదు. ఈ దీవిలో ఎవరి వాటాకెంత స్వేచ్ఛ అని లెక్క కడితే అతనిది అడుగున ఉంటుంది. కంపెనీ పెద్దను జపాను బంధించింది. ఆ పెద్ద ఇతన్ని బంధించాడు. దెజిమా కథ చెప్పేవాళ్లు ఈ రెండో సంకెల కూడా చెప్పాలి.

10.30. దుబాసీల గది

ఇవాళ నన్ను అన్నిటికంటే ఎక్కువసేపు నిలబెట్టింది ఈ గది. డచ్చివాళ్లు జపాను భాష నేర్చుకోవడాన్ని షోగునేట్ ప్రోత్సహించలేదు. మాటంతా దుబాసీల గుండా నడవాలి. ఆ ఉద్యోగం వంశపారంపర్యం. పసితనం నుంచే కొడుకులకు డచ్చి భాష నేర్పేవాళ్లు. జీతమిచ్చేది నాగసాకి పాలన, కంపెనీ కాదు.

ఏటా ఓడ వచ్చాక లోకంలో ఏం జరుగుతోందో కంపెనీ పెద్ద చెప్పాలి. దాన్ని వీళ్లు జపాను భాషలోకి రాసి ఎదోకు పంపాలి. 1853లో అమెరికా నౌకాదళంతో పెర్రీ వచ్చాడు. అతను రాబోతున్నాడన్న కబురు అంతకు ముందటి ఏడాదే ఈ దీవి నుంచి వెళ్లింది.

రాసిన చేతులు సరుకు లెక్కలతో ఆగలేదు. మొతోకి ర్యోయెయి, 1794లో పోయాడు, సూర్యుడి చుట్టూ భూమి తిరుగుతుందన్న కోపర్నికస్ సిద్ధాంతాన్ని జపానుకు పరిచయం చేశాడు. అతని శిష్యుడు షిజుకి తదావో దుబాసీ ఉద్యోగం వదులుకుని, ఇంటి దగ్గరే కూర్చుని న్యూటన్ భౌతికశాస్త్రాన్ని అనువదించాడు. 1720లో పడమటి పుస్తకాల మీద ఆంక్షలు సడలాక, ఈ గదుల్లో నేర్చిన భాషే ఎదో వైద్యుల చేతికి శరీరనిర్మాణ గ్రంథాన్ని ఇచ్చింది. 1774లో అది అచ్చయింది. మొతోకి వంశంలోనే తర్వాతి తరంవాడు మొతోకి షోజో. జపాను అచ్చు అక్షరాలు పోతపోయడానికి పాదు వేసినవాడు.

మన తీరంలోనూ దుబాసీలుండేవారు. తెలివైనవాళ్లు, బహుభాషలవాళ్లు, లెక్కల్లో దిట్టలు. కొందరు గొప్ప ధనవంతులయ్యారు, సత్రాలు కట్టించారు. వాళ్ల నేర్పు తక్కువేం కాదు. ఆ నేర్పుకు యజమాని కంపెనీ కావడమే మన నష్టం. ఒక దుబాసీ కొలువు ముగించుకుని ఇంటికెళ్లి కోపర్నికస్‌ను తెలుగులోకి దించేలా ఆనాడు అతని వెనక నిలబడిన ఊరు లేదు, దొరతనం లేదు. ఇది చాలాకాలం నన్ను వదలదు.

11.15. సీబోల్డ్ రాయి

పొదల మధ్య పాత రాయి ఒకటి. తనకంటే ముందు ఇక్కడ వైద్యులుగా పనిచేసిన కెంప్ఫర్, తున్‌బర్గ్‌ల జ్ఞాపకార్థం 1826లో సీబోల్డ్ నిలబెట్టించాడు. కెంప్ఫర్ 1690లో, తున్‌బర్గ్ 1775లో వచ్చారు. ముగ్గురూ మొక్కలు సేకరించినవాళ్లు. ముగ్గురూ డచ్చివాళ్లు కారు. ఇద్దరు జర్మన్లు, ఒకరు స్వీడన్ మనిషి.

1823లో వచ్చిన సీబోల్డ్‌ను ఊరి బయట నరుతకిలో బడి పెట్టుకోనిచ్చారు. దేశం నలుమూలల నుంచి వైద్య విద్యార్థులు వచ్చారు. 1828లో అతని సామానులో బయటికి పోరాని జపాను పటాలు దొరికాయి. పటం ఇచ్చిన ఆస్థాన ఖగోళ శాస్త్రజ్ఞుడు తకహాషి కగెయాసు చెరలోనే చచ్చిపోయాడు. సీబోల్డ్‌ను 1829లో దేశం నుంచి పంపేశారు. తకి అనే నాగసాకి అమ్మాయి, రెండేళ్ల కూతురు ఇనే ఒడ్డున మిగిలారు. ఒక నీలిపూల మొక్కకు అతను తకి పేరు పెట్టి యూరప్‌లో ప్రచురించాడు. ఆ పూలే, అజిసాయ్, ఇప్పుడు ఊరంతా పూసి ఉన్నాయి. నగర పుష్పం కూడా అదే.

పూల దగ్గర అందరూ తకి కథే చెప్తారు. నాకు ఇనే కథ పెద్దది. తండ్రి శిష్యుల దగ్గర వైద్యం నేర్చుకుంది. ప్రసూతి వైద్యంలో పేరు తెచ్చుకుంది. పడమటి వైద్యం చదివిన తొలి జపాను స్త్రీగా చరిత్రలో నిలిచింది. కలగలుపు సంతానమని ఊరు వేలెత్తి చూపిన రోజుల్లో ఆ పని చేసింది.

12.30. షించి చైనా బజారు

నాలుగు దిక్కులా నాలుగు రంగు ద్వారాలు. ఇది మొదట చైనా సరుకు గిడ్డంగుల కోసం సముద్రాన్ని పూడ్చి కట్టిన చోటు. 1698లో పెద్ద అగ్నిప్రమాదంలో గోదాములు తగలబడ్డాక, నీళ్లు చుట్టూ ఉంటే నిప్పు అంటుకోదని ఇలా కట్టారు.

చంపోన్ తిన్నాను. లావు సేమ్యాలు, కాబేజీ, రొయ్యలు, పంది మాంసం, తెల్లటి చిక్కటి పులుసు. ఫూజియన్ నుంచి వచ్చిన ఛెన్ పింగ్‌షున్ 1899లో ఈ ఊళ్లో హోటలు పెట్టి, డబ్బుల్లేని చైనా విద్యార్థుల కడుపు నింపడానికి చేసిన వంట అని చెప్తారు. ఆ హోటలు షికైరో ఇప్పటికీ నడుస్తోంది. గిన్నె చాలా పెద్దది. ఆకలితో ఉన్నవాడిని దృష్టిలో పెట్టుకుని చేసిన వంటకు కొలత అలాగే ఉంటుంది.

1.10. ఫోను

భీమిలి నుంచి పెద్దమ్మ. అక్కడ పొద్దున్న తొమ్మిదీ నలభై.

"ఒక్కర్తివే ఎలా తిరుగుతున్నావే? తిండేటి తింటన్నావు?"

రొయ్యల పులుసు అన్నాను. నెమ్మదించింది.

"ఆ ఊరి మీదే కదే బాంబేసింది?"

అవును పెద్దమ్మా, ఈ ఊరి మీదే. 1945 ఆగస్టు 9న. పేలింది ఉత్తరాన ఉరకామి లోయ పైన, ఆకాశంలో. ఈ దక్షిణపు కొండలు అడ్డు నిలిచాయి. అందుకే ఇవాళ నేను చూస్తున్న ఇళ్లు కొన్నైనా దెబ్బలతో బయటపడ్డాయి. ఇదంతా ఫోనులో చెప్పలేదు. బాగున్నాను, రాత్రికి చేస్తానన్నాను.

1.45. తోజిన్ యాషికి

చైనావాళ్ల పేట. మ్యాపులో చూస్తే వెతుక్కోవాలి. ఇళ్ల మధ్య సందులు, ఆరేసిన బట్టలు, ఒక చిన్న పాత బజారు. దెజిమాలో టికెట్టు గది, సంప్రదాయ దుస్తుల్లో గైడ్లు. ఇక్కడ ఒక పిల్లి, ఒక ముసలాయన.

అసలు వర్తకం పరిమాణం చూస్తే చైనాదే పెద్ద వాటా. డచ్చి ఓడలు ఏటికి కొన్నే, చైనా ఓడలు పదుల్లో. మొదట వాళ్లు ఊళ్లోనే అద్దెకుండేవాళ్లు. 1684లో ఛింగ్ ప్రభుత్వం సముద్ర వర్తకం మీద నిషేధం ఎత్తేశాక ఓడలు వెల్లువలా వచ్చాయి. దొంగ వర్తకం పెరిగింది. 1689లో సుమారు 9,400 సుబోల స్థలంలో, అంటే మూడు హెక్టార్ల పైన, గోడ, కందకం, వెదురు కంచె మధ్య వాళ్లను ఉంచారు. ఒకేసారి రెండువేల మంది ఉండగలిగేవాళ్లు.

ఓడ దిగగానే ఓడలోని సముద్ర దేవత మజు విగ్రహాన్ని ఊరేగింపుగా చైనా గుడికి తీసుకెళ్లి, తిరిగి వెళ్లేదాకా అక్కడే ఉంచేవాళ్లు. అమ్మవారిని దించకుండా సరుకు దించని నావికులు వాళ్లు. గంగమ్మకు మొక్కి పడవ నీళ్లలోకి తోసే మా జాలరిపేట మనుషులకు ఈ సంగతి వెంటనే అర్థమవుతుంది.

1870లో ఈ పేట కాలిపోయింది. మిగిలి, మళ్లీ కట్టుకున్నవి నాలుగు: భూదేవుడి గుడి, తెన్‌కో గుడి, కన్నన్ గుడి, ఫూజియన్ సంఘం భవనం. భూదేవుడి గుడి గడప దగ్గర ఎవరో అప్పుడే వెలిగించిన అగరువత్తులు. ఫొటో తీయలేదు.

2.50. బివా పండ్లు

మెట్లదారి మొదట్లో ఒక అవ్వ కొట్టు. మొగి ఊరి బివా పండ్లు, పచ్చటి పసుపు, ఈ కాలపు చివరి పంట. చేతి సైగలతో బేరం. "ఇందో?" అంది నన్ను చూసి. అవునన్నాను. సంచిలో ఇంకో పండు వేసింది. పులుపు కలిసిన తీపి, జారుడు గింజలు.

3.15. ఒరాందాజాకా

రాళ్లు పరిచిన ఏటవాలు దారి, హిగాషి యామతే కొండ. పడమటి దేశాలతో 1858లో చేసుకున్న ఒప్పందాల తర్వాత 1859లో రేవు తెరిచారు. తీరాన్ని పూడ్చి ఓఉరాలో కంపెనీలు, హోటళ్లు, కొండల మీద కాన్సులేట్లు, బడులు, ఇళ్లు. ఈ పేటలో నివాసముండే బ్రిటిష్, అమెరికన్, రష్యన్ మనుషులకు జపాను చట్టం వర్తించదు. తప్పు చేస్తే సొంత కాన్సుల్ దగ్గరే విచారణ. అంటే దెజిమాలో ఏది జరిగిందో ఇక్కడ దానికి ఎదురు తిరిగింది. తాళంచెవి చేతులు మారింది. 1899 దాకా అలాగే నడిచింది.

ఏటవాలు దారిలో తలెత్తి చూస్తే పెద్ద రాతిగోడలు. వాన నీళ్లు పోయే కాలువ అంచులను చూస్తూ నడిచాను. మూలమూలనా ఎంత నిదానంగా రాయి మలిచారో. 1868లో కట్టిన 12వ నంబరు ఇల్లు ఒకప్పుడు రష్యా కాన్సులేటు. వెడల్పైన వరండా. దానికి పక్కనే 1879లో ఎలిజబెత్ రసెల్ పెట్టిన క్వాసుయి బాలికల బడి, ఇప్పుడు విశ్వవిద్యాలయం. అమ్మాయిలు గొడుగులూపుకుంటూ దిగి వస్తున్నారు. ఒకనాడు వేశ్యలు తప్ప ఆడవాళ్లెవరూ గడప దాటకూడదన్న దీవి ఉన్న రేవులో, పరదేశుల పేట నడిబొడ్డున ఆడపిల్లల చదువు. ఈ కొండ చేసిన మంచిలో దీన్ని మొదట రాస్తాను.

4.00. ఓఉరా చర్చి

1864 చివర కట్టడం పూర్తయింది. ఫ్రెంచి ఫాదరీలు ప్లాను ఇచ్చారు. కట్టింది అమకుసా నుంచి వచ్చిన మేస్త్రి కొయామా హిదెనోషిన్. చర్చి అనేది అతను అంతకు ముందు కట్టి ఎరగడు. 1597లో నిషిజాకా కొండ మీద శిలువ వేసిన 26 మంది క్రైస్తవుల పేరిట వెలిసింది. ముఖం కూడా ఆ కొండవైపే.

1865 మార్చి 17న ఉరకామి నుంచి పదిహేనుమంది దాకా పల్లెజనం వచ్చి లోపల నిలబడ్డారు. ఒక స్త్రీ ఫాదర్ పెటిజాన్ దగ్గరికెళ్లి, తమ గుండెలో ఉన్నదీ మీ గుండెలో ఉన్నదీ ఒకటేనని చెప్పి, మేరీమాత విగ్రహం ఎక్కడని అడిగింది. రెండు శతాబ్దాలకు పైగా ఫాదరీలు లేకుండా, బయటికి బౌద్ధులుగా బతుకుతూ, తరం నుంచి తరానికి ప్రార్థన చెవిలో చెప్పుకున్నవాళ్లు.

ఆ మాటకు వాళ్లు కట్టిన ధర చాలా పెద్దది. 1867 నుంచి అరెస్టులు. 3,400 మంది దాకా ఉరకామి జనాన్ని దేశం నలుమూలలకూ ప్రవాసం పంపారు. వందలమంది తిరిగి రాలేదు. 1873లో క్రైస్తవం మీద నిషేధం పోయింది. పొద్దుట నేను తాళంచెవి ఎవరి చేతిలో ఉందన్నదే తేడా అని రాసుకున్నాను. ఆ మాట వెనక్కి తీసుకోను. దానికి ఇది కూడా చేర్చాలి: పరదేశిని ఆపిన తాళమే సొంత మనిషి గుండెకూ వేశారు. చెవి మనదైతే చాలదు, ఆ చెవితో ఎవరిని మూస్తున్నామో చూసుకోవాలి.

4.50. గ్లోవర్ ఇల్లు

1863లో కట్టిన ఇల్లు. జపానులో నిలిచి ఉన్న పడమటి తరహా కలప ఇళ్లలో అన్నిటికంటే పాతది. దీనికీ కొయామాయే మేస్త్రి. కింద ఓడరేవంతా కనిపిస్తుంది. పైకప్పు జపాను పెంకు, గోడలు జపాను మట్టి, వరండా మాత్రం మనకు బాగా పరిచయమైన వలస దొరల వరండా. విశాఖ వాల్తేరు కొండల మీద ఇలాంటి వరండాలే.

థామస్ గ్లోవర్ స్కాట్లండ్ నుంచి 1859లో వచ్చాడు. అప్పటికి ఇరవై ఒకటి. టీ ఎగుమతి చేశాడు. షోగున్‌ను కూల్చాలన్న వర్గాలకు ఓడలు, తుపాకులు అమ్మాడు. దేశం వదిలి పోరాదన్న కాలంలో చోషు, సత్సుమా సంస్థానాల యువకుల్ని రహస్యంగా ఇంగ్లండుకు పంపడంలో సాయపడ్డాడు. కొసుగె ఓడల డాక్, తకషిమా బొగ్గు గని అతని చేయి పడ్డవే. 1870లో దివాలా తీశాడు, అయినా జపాను వదల్లేదు. ఆయుధాలమ్మి లాభం చూసినవాడూ, పరిశ్రమకు దారి చూపినవాడూ ఒకే మనిషి. రెండూ రాసుకోవాలి.

కొయామా ఇల్లు ఎక్కడుందో చూపే బాణం గుర్తు ఈ తోటలో నాకు కనబడలేదు. ఈ కొండ మీద చర్చి, గ్లోవర్ ఇల్లు, ఆల్ట్ ఇల్లు, మూడూ అతని చేతివి. ఈ తోటకు అతని పేరు కూడా ఉండాలి.

5.30. అదే తోట, తోమిసాబురో

గ్లోవర్ కొడుకు కురాబా తోమిసాబురో. తండ్రి స్కాట్, తల్లి జపాను. అమెరికాలో జీవశాస్త్రం చదివాడు. ఈ ఊరికి ఆవిరి ట్రాలర్ వేట తెచ్చాడు. 1899లో, పరదేశుల పేట రద్దయిన ఏడాదే, జపానువాళ్లూ పరదేశులూ కలిసి కూర్చునే నైగై క్లబ్బు పెట్టడంలో ముందు నిలిచాడు. దాని 1903 నాటి భవనాన్ని పొద్దున్న దెజిమాలోనే చూశాను. స్థానిక చిత్రకారుల చేత ఇక్కడి సముద్రపు చేపల బొమ్మలు సుమారు 800 వేయించాడు, ఇరవై ఏళ్లకు పైగా. పొలుసు పొలుసూ లెక్కపెట్టేలా ఉంటాయి. ఇప్పుడు నాగసాకి విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి.

1939లో ఈ ఇల్లు మిత్సుబిషి చేతికి పోయింది. ఎదుటి షిప్‌యార్డులో అప్పుడు ముసాషి యుద్ధనౌక తయారవుతోంది. ఈ వరండా నుంచి చూస్తే అంతా కనబడుతుంది. రెండు రక్తాల మనిషిని యుద్ధకాలమంతా అనుమానంతో చూశారు. బాంబు పడ్డాక, 1945 ఆగస్టు 26న ఉరి వేసుకుని చనిపోయాడు.

పేటకు గోడలు 1899లో పోయాయని చట్టం చెప్తుంది. తోమిసాబురో చుట్టూ అవి 1945లోనూ ఉన్నాయి.

9.00. రాత్రి, గది

పెద్దమ్మకు ఫోను చేసి, భీమిలిలో డచ్చివాళ్ల సమాధుల దగ్గరికి ఎప్పుడైనా వెళ్లావా అని అడిగాను.

"చిన్నప్పుడు ఆడుకున్నామే. రాళ్ల మీద ఎక్కి దూకీవోళ్లం. ఆలెవరో మాకేటి తెలుసు, దొరలన్నారు అంతే."

1825లో డచ్చివాళ్లు భీమిలిని వదిలారు. ఆ తర్వాత ఇంగ్లిషువాళ్లది. జపాను రాగి దిగిన తీరంలో, అద్దకం బట్టలు ఎక్కించిన తీరంలో, ఆ రాళ్ల మీద ఆడుకున్న పిల్లలకు ఆ కథ చెప్పిన పెద్దలు లేరు. ఇది పెద్దమ్మ లోటు కాదు.

జూన్ 7, శుక్రవారం

ఉదయం 7.00. ఇనసా, గోషిన్‌జి గుడి

రేవుకు అవతలి ఒడ్డు. బౌద్ధ దేవాలయం ఆవరణలో చైనా, డచ్చి, రష్యా వాళ్ల శ్మశానాలు, వేర్వేరు గోడల్లో. 1778లో జపానుకు వస్తూ దారిలోనే పోయిన కంపెనీ పెద్ద హెండ్రిక్ డ్యూర్‌కోప్ రాయి ఇక్కడుంది. క్రైస్తవం నేరంగా ఉన్న దేశంలో క్రైస్తవుడి సమాధిని ఒక బౌద్ధ గుడి తన నేలలో ఉంచి కాపాడింది. చీపురు గీతలు ఇంకా చెదరలేదు, తెల్లవారుజామునే ఊడ్చినట్టున్నారు.

10.20. రైల్లో, తకెయో ఒన్సెన్ వైపు

తేల్చుకున్నది రాసుకుంటున్నాను.

దెజిమా మట్టిలో కలిసిపోయిన దీవి. 1922లో చారిత్రక స్థలంగా ప్రకటించారు. 1951 నుంచి నగరం ఒక్కో ఇంటి స్థలం తిరిగి కొంటూ, తవ్వుతూ, పాత పటాలు సరిచూసుకుంటూ కట్టుకొచ్చింది. దశాబ్దాల పని. అంత పట్టుదలకు వెనక ఉన్నది దుబాసీల కాలం నుంచి వచ్చిన అలవాటే అనుకుంటున్నాను: వచ్చినవాడి భాష నేర్చుకుని, వాడి కాగితం మన కళ్లతో చదవడం.

మన తీరం కాగితాలు కూడా పోలేదు. కంపెనీ దస్తావేజులు హేగ్‌లో ఉన్నాయి, జకార్తాలో ఉన్నాయి, కొలంబోలో ఉన్నాయి, ఇంటికి దగ్గరగా చెన్నై ఎగ్మూరులోని పురాలేఖల భవనంలో ఉన్నాయి. 2003లో యునెస్కో వాటిని ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది. భీమిలి, పాలకొల్లు, జగన్నాథపురం, మచిలీపట్నం పేర్లు వాటిలో పుటల కొద్దీ. ఏ బట్టకు ఎంత ధర కట్టారో, ఏ కరువులో ఎవరిని ఓడెక్కించారో ఉన్న కాగితాలు పాత డచ్చి చేతిరాతలో ఉన్నాయి. ఆ రాత చదవగల తెలుగువాళ్లు మనకు కావాలి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఏటా ఇద్దరు విద్యార్థులకు పాత డచ్చి నేర్పించి ఎగ్మూరుకు పంపగలిగితే, పదేళ్లలో మన తీరం కథ మన భాషలోకి వస్తుంది. ఇంటికి చేరగానే మొదట రాయబోయే ఉత్తరం దాని గురించే. ఎవరికి రాయాలో పేర్ల జాబితా ఈ పేజీ వెనకవైపు మొదలుపెట్టాను.